ఐరోపా, అరబ్బు యువత మధ్య వినిమయం: ముందు మీరే అతిథులుగా వెళ్లండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నారు. మీ విద్యార్థుల స్వచ్ఛంద బృందం మొరాకో యువతీ యువకులతో పది రోజుల సాంస్కృతిక వినిమయ కార్యక్రమం జరపాలనుకుంటోంది, అందులో సగం బాధ్యత మీ భుజాన పడింది. ఇటువంటివి మనుషులను నిజంగా దగ్గర చేస్తాయా, చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి, ఇటు ఐరోపావారూ అటు అరబ్బులూ కాని మీరు మధ్యలో చేయగలిగింది ఏమిటి అని అడిగారు. నేను పద్దెనిమిదేళ్లుగా దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాలో ఉంటున్నాను. అందులో పధ్నాలుగేళ్లుగా ఇక్కడి కొండ ఊళ్లకూ మొరాకో గ్రామాలకూ మధ్య యువజన బృందాలను తీసుకువెళ్లడం, తీసుకురావడం నా పని. కాబట్టి చెప్పేదంతా ప్రధానంగా ఆ రెండు దేశాల అనుభవం నుంచే చెబుతాను.

దగ్గర చేస్తాయి. అయితే ఇల్లలకగానే పండుగ కానట్టే, రెండు దేశాల పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టగానే స్నేహం కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ విషయాన్ని వివరంగా చెప్పాడు. రెండు వర్గాల మనుషులు కలిసినప్పుడు ఒకరిపై ఒకరికి ఉన్న దురభిప్రాయాలు తగ్గాలంటే ఆ కలయికలో ఇరుపక్షాల హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, దానికోసం పోటీపడకుండా ఒకరికొకరు సాయపడుతూ పనిచేయాలి, చట్టమో అధికారమో ఆచారమో ఆ కలయికకు అండగా నిలవాలి అని ఆయన వాదన. పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 2006లో 515 అధ్యయనాలను కలిపి పరిశీలించి, కలయిక సాధారణంగా మేలే చేస్తుందనీ, ఈ నాలుగూ లేకపోయినా కొంత ఫలితం ఉంటుందనీ, ఉన్నచోట మాత్రం అది మరింత గట్టిగా ఉంటుందనీ తేల్చారు. నేను చూసిన కార్యక్రమాలలో ఎక్కువ భాగం దెబ్బతిన్నది మొదటి షరతు దగ్గరే. హోదా సమానంగా లేదు. ఆ అసమానత మనసుల్లో కంటే ముందు పాస్‌పోర్టుల్లో ఉంది.

స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న తరీఫా దగ్గర నిలబడితే ఎదురుగా మొరాకో కొండలు కనిపిస్తాయి. మధ్యనున్న జిబ్రాల్టర్ జలసంధి అతి సన్నగా ఉన్నచోట వెడల్పు సుమారు 14 కిలోమీటర్లు. తరీఫాలో ఓడ ఎక్కితే గంట ప్రయాణంలో మొరాకో రేవు టాంజియర్. మీ బృందంలోని జర్మన్ విద్యార్థి పాస్‌పోర్టు ఒక్కటి జేబులో పెట్టుకొని వెళ్లి 90 రోజులు ఉండవచ్చు. అదే ఓడలో ఇటు రావాలనుకున్న మొరాకో కుర్రాడికి, ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి. దానికి 2024 జూన్ నుంచి 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, బ్యాంకు ఖాతా వివరాలు, తిరిగి స్వదేశం వెళ్తాడని నమ్మకం కలిగించే ఆధారాలు ఉండాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగం గాని పొలం గాని సొంత పేరున లేని గ్రామీణ యువకుడు ఆ నమ్మకం ఎలా కలిగిస్తాడు? మీరు హైదరాబాదులో ఇటువంటి కాగితాలే పట్టుకొని వరుసలో నిలబడి ఉంటారు కనుక ఈ సంగతి మీ జర్మన్ మిత్రులకంటే మీకు బాగా తెలుసు.

నేను చేసిన మొదటి కార్యక్రమంలో పన్నెండు మందిని ఆహ్వానించాం. ఒక కాన్సులేటులో ఏడుగురి దరఖాస్తులు తిరస్కరించారు. వచ్చిన ఐదుగురూ పట్టణంలోని వైద్యుల, అధికారుల పిల్లలు. ఫ్రెంచి, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారు. అంతకుముందే రెండు మూడుసార్లు ఐరోపా చూసినవారు. ఎవరి కోసం ఆ కార్యక్రమం తలపెట్టామో ఆ కొండ ఊరి పిల్లలు ఒక్కరూ రాలేదు. వారిలో ఒక అమ్మాయి రెండు నెలలపాటు స్పానిష్ వాక్యాలు కంఠస్థం చేసిందని నాకు తర్వాత తెలిసింది. పరస్పర గౌరవం గురించి మేము పది రోజులు మాట్లాడుకున్నాం గాని, ఆ గౌరవం మొదటి గడప దగ్గరే ఎలా పోయిందో ఆ అమ్మాయికి అర్థమైనంతగా మాకు కాలేదు. ఆ తప్పులో నా వంతు ఉంది. వీసా సంగతి ఆఖరి నెలకు వదిలేసింది నేనే.

అందువల్ల మీ బృందం మొదటి సమావేశంలో మాట్లాడవలసింది కార్యక్రమం పేరు, పోస్టరు కాదు, వీసా. షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజులు పడుతుంది. కాని అపాయింట్‌మెంటు దొరకడానికే వారాలు పట్టవచ్చు కనుక ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. చాలామంది నిర్వాహకులు గమనించని సదుపాయం వీసా నియమావళిలోనే ఒకటి ఉంది: లాభాపేక్ష లేని సంస్థలు జరిపే సాంస్కృతిక, విద్యా, క్రీడా కార్యక్రమాలకు అటువంటి సంస్థల ప్రతినిధులుగా వచ్చే 25 ఏళ్లలోపు వారికి రుసుము మినహాయింపు ఉంది, చదువుకోసం వచ్చే విద్యార్థులకూ, వారి వెంట వచ్చే ఉపాధ్యాయులకూ ఉంది. ఆహ్వాన పత్రంలో ఈ సంగతిని స్పష్టంగా రాసి, బస, భోజనం, ప్రయాణం ఎవరు భరిస్తారో తేదీలతో సహా చెప్పండి. తిరస్కరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వాలి, దానిపై అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఆ అప్పీలుకు మీ బృందం అండగా నిలబడుతుందని ముందే మాట ఇవ్వండి. రాజకీయాలు కూడా దీనిని తారుమారు చేస్తాయి: 2021 సెప్టెంబరులో ఫ్రాన్స్ మొరాకో, అల్జీరియా దేశస్థులకిచ్చే వీసాలను సగానికీ, ట్యునీషియా వారివి 30 శాతం మేరకూ తగ్గించింది, మొరాకో విషయంలో మరుసటి ఏడాది డిసెంబరులో గాని ఆ కోత తొలగలేదు. అటువంటి ఏడాది ఎదురైతే ఏం చేయాలో మీ దగ్గర రెండో ఆలోచన ఉండాలి.

ఆ రెండో ఆలోచనే నా దృష్టిలో మొదటిది కావాలి. ముందు ఐరోపావారే వెళ్లాలి.

దీనిని ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా చెప్పడం లేదు. మామూలుగా ఐరోపా సంస్థ గ్రాంటు తెస్తుంది, స్థలం చూస్తుంది, కార్యక్రమ పట్టిక రాస్తుంది, ఆ తర్వాత అరబ్బు దేశం నుంచి భాగస్వాములను వెతుకుతుంది. ఐరోపా సమాఖ్య డబ్బుతో నడిచే ఎరాస్మస్ ప్లస్ పథకంలోని యువజన వినిమయాలు తీసుకోండి: 13 నుంచి 30 ఏళ్ల వారికి, 5 నుంచి 21 రోజుల పాటు జరిపే ఈ కార్యక్రమాలలో మొరాకో, ట్యునీషియా, ఈజిప్టు, జోర్డాన్ వంటి దేశాల సంస్థలు పాల్గొనవచ్చు గాని, దరఖాస్తు మాత్రం ఐరోపా సమాఖ్యలోనో దానితో అనుబంధమున్న దేశంలోనో ఉన్న సంస్థే పెట్టాలి. అంటే డబ్బు సంచి మొదటి నుంచీ ఒకరి చేతిలోనే ఉంటుంది. సంచి ఉన్నవాడు ఎంత మంచివాడైనా యజమాని అవుతాడు, ఎదుటివాడు ఎంత తెలివైనవాడైనా ఆహ్వానితుడిగా మిగిలిపోతాడు. ఐరోపా బృందం ముందుగా మొరాకో ఊరికి అతిథిగా వెళ్లినప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. భాష రాదు, దారి తెలియదు, ఏ పూట ఏం తింటారో తెలియదు, ప్రతిదానికీ ఒకరిని అడగాలి. ఇచ్చే చేయి కాస్సేపు పుచ్చుకునే చేయి అవుతుంది. అదీగాక, పది మంది జర్మన్ విద్యార్థులకు అన్నం పెట్టి పడకలు వేసిన తల్లి, తన కొడుకు జర్మనీ వెళ్లేటప్పుడు ఒకరి దయకు వెళ్తున్నాడని అనుకోదు, తనకు రావలసిన ఆతిథ్యానికి వెళ్తున్నాడని అనుకుంటుంది. ఎరాస్మస్ గ్రాంటులోనే ముందస్తు సందర్శనకు ప్రత్యేకంగా డబ్బు ఉంటుంది, వీసా ఖర్చులను కూడా పూర్తిగా అడగవచ్చు. ఆ రెండింటినీ తప్పకుండా దరఖాస్తులో చేర్చండి.

ఇక అక్కడికి వెళ్లి చేయవలసింది ఏమిటి? సంస్కృతి గురించి మాట్లాడుకోవడం కాదు, కలిసి పని చేయడం. నా అనుభవంలో అన్నిటికంటే బాగా నడిచిన పనిని కొంచెం వివరంగా చెబుతాను.

గ్రనాడా వెనుక ఉన్న సియెర్రా నెవాదా కొండల్లో మధ్యయుగాల నాటి సాగునీటి కాలువలు వందల కిలోమీటర్ల మేర ఉన్నాయి. వాటిని అసేకియాలు అంటారు. మంచు కరిగిన నీటిని కొండ వాలు మీదుగా తీసుకుపోయి, కొన్ని చోట్ల కావాలనే నేలలోకి ఇంకనిస్తారు. అది వేసవిలో కింది ఊళ్ల ఊటల్లో పైకి వస్తుంది. ఇక్కడి రైతులు దీనిని నీరు విత్తడం అంటారు. మన దగ్గర ఇంకుడు గుంత ఎంత బాగా తెలుసో ఈ మాట అంత సులువుగా మనకు అర్థమవుతుంది. జనం పట్నాలకు వలసపోయి చాలా కాలువలు పూడిపోయాయి. పదేళ్లకు పైగా గ్రనాడా విశ్వవిద్యాలయంలోని పురాతత్వ పరిశోధకులు స్వచ్ఛంద కార్యకర్తలతో వాటిని తవ్వి మళ్లీ నీళ్లు పారిస్తున్నారు. అసేకియా అనే మాటకు మూలం అరబ్బీలోని సాకియా. నీటి తొట్టికి అల్బెర్కా, నీరు తోడే చక్రానికి నోరియా, ఇలా ఇక్కడి రైతు నోట సేద్యపు మాటలు ఎన్నో అరబ్బీవే. అయితే ఆ మాటలు తెచ్చినవారి సంతతిని 1609, 1614 మధ్య స్పెయిన్ నుంచి వెళ్లగొట్టారు. వారిలో చాలామంది తెతువాన్, రబాత్, ట్యునీషియాలోని తెస్తూర్ వంటి ఊళ్లలో స్థిరపడ్డారు.

మొరాకోలో అట్లాస్ కొండల ఊరికి మేము వెళ్లినప్పుడు అక్కడి కాలువకు వర్షాల తర్వాత మట్టి తీసే పని ఉంది. అక్కడివారు దానిని తమ అమజీగ్ (బెర్బర్) భాషలో తర్గా అంటారు, అరబ్బీలో సాకియా అని కూడా అంటారు. స్పెయిన్ బృందంలో ఒక కొండ ఊరి కుర్రాడు ఆ మాట విని పార కింద పెట్టి, మా తాత దీన్నే అసేకియా అంటాడు అన్నాడు. ఆ రోజు నుంచి ఆ రెండు ఊళ్లవారి మధ్య మాటలకు మేము అవసరం లేకపోయింది. ఎవరి వంతు నీరు ఎప్పుడు, ఎవరు మోసం చేస్తారు, తగువు ఎవరు తీరుస్తారు అనేవే వారి చర్చలు. మొరాకో ఊళ్లో పెద్దల సభ తీరుస్తుందని తెలిసింది. స్పెయిన్‌లో వలెన్సియా నగరపు నీటి న్యాయస్థానం ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండుకు కెథెడ్రల్ ద్వారం ముందు కూర్చొని, కాగితం కలం లేకుండా నోటిమాటగానే రైతుల తగువులు తీరుస్తుంది. 2009లో యునెస్కో దానిని మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఎవరు నాగరికులు, ఎవరు వెనుకబడినవారు అన్న పాత లెక్క దానంతట అదే పక్కకు తప్పుకుంది. నాకు మాత్రం మా తెలంగాణ పల్లెలోని నీరటి గుర్తుకొచ్చాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో నిర్ణయించేది ఆయనే. ఆ సాయంత్రం ఆయన సంగతి చెబితే రెండు బృందాలూ ఆసక్తిగా విన్నాయి.

మరుసటి ఏడాది మొరాకో బృందం ఇక్కడికి వచ్చి మా కొండ మీది కాలువ తవ్వింది. రాతి గట్టు కట్టడంలో వారికున్న నేర్పు ఇక్కడి కుర్రాళ్లకు లేదు. పని నేర్పేవారు మొరాకో వారు, నేర్చుకునేవారు స్పెయిన్ వారు. ఆల్‌పోర్ట్ చెప్పిన సమాన హోదా ఆ గట్టు దగ్గర కనిపించినంతగా నాకు ఏ చర్చావేదిక మీదా కనిపించలేదు.

కలిసి చేసే పనే మనుషులను కలుపుతుందనడానికి చరిత్రలో నాకు ఇష్టమైన ఉదాహరణ తొలెదో నగరం. 12వ శతాబ్దంలో అక్కడ అరబ్బీ గ్రంథాలు లాటిన్‌లోకి వచ్చాయి. ఆత్మను గురించి వైద్యుడూ తత్త్వవేత్తా అయిన ఇబ్న్ సీనా రాసిన గ్రంథాన్ని అనువదించేటప్పుడు అవెన్‌దౌత్ అనే యూదు పండితుడు అరబ్బీ మాటను ఒక్కొక్కటిగా వాడుక భాషలో చెబుతుంటే, గుండిసాల్వో అనే క్రైస్తవ మతాధికారి దానిని లాటిన్‌లో రాసేవాడు. ఇటలీ నుంచి టాలెమీ ఖగోళ గ్రంథం కోసం వచ్చిన క్రెమోనా గెరార్డ్ ఇక్కడే అరబ్బీ నేర్చుకొని, 1187లో చనిపోయేదాకా ఉండి డెబ్బైకి పైగా గ్రంథాలు అనువదించాడు. అటు నుంచి ఇటు వచ్చినవారిలో ఈజిప్టుకు చెందిన రిఫా అల్ తహ్తావీ ఉన్నాడు. 1826లో పారిస్ వెళ్లిన విద్యార్థి బృందానికి ఇమాముగా వచ్చి, అయిదేళ్లు చదువుకొని తిరిగి వెళ్లాక, 1835లో కైరోలో మొదలైన భాషల పాఠశాలను నడిపాడు. అక్కడ చదివినవారు ఫ్రెంచి గ్రంథాలు ఎన్నో అరబ్బీలోకి తెచ్చారు. వీరిలో ఎవరూ పది రోజుల కోసం రాలేదన్నది మీరు గమనించాలి. మీకు పది రోజులే ఉన్నప్పుడు ఆ పది రోజులనూ ఒకే పనికి కేటాయించండి.

సమకాలీన ఉదాహరణ కావాలంటే మీరున్న జర్మనీలోనే ఉంది. 1999లో వైమార్ నగరంలో వాద్యబృంద నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్, పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్ కలిసి అరబ్బు, ఇజ్రాయెలీ యువ సంగీతకారులను ఒక చోట చేర్చారు. పగలు సాధన, సాయంత్రం చర్చ. అదే వెస్ట్ ఈస్టర్న్ దివాన్ వాద్యబృందంగా నిలిచింది, 2002లో మా సెవియ్యాకు వచ్చింది, స్పెయిన్ యువకులూ అందులో చేరారు. అది యుద్ధాలను ఆపలేదు, ఆపుతుందని దాని స్థాపకులూ అనలేదు. కాని పగలు పక్కపక్కన కూర్చొని ఒకే స్వరం కోసం శ్రమపడినవారు సాయంత్రం కఠినమైన మాటలు మాట్లాడుకోగలిగారు. పని ముందు, మాట తర్వాత అన్న ఆ వరుసను మీరు తీసుకోండి. వాద్యాలు అవసరం లేదు. ఒక గోడకు రంగులు వేయడమైనా, ఒక వంటశాల నడపడమైనా, ఒక వీధి పటం గీయడమైనా సరిపోతుంది. ఏ పని అన్నది మాత్రం మొరాకో భాగస్వాములు చెప్పాలి.

ఎంపిక గురించి గట్టిగా ఒక మాట. పాల్గొనేవారికి ఇంగ్లీషు వచ్చి ఉండాలన్న నిబంధన పెట్టకండి. ఆ ఒక్క వాక్యంతో మీరు మొరాకో సమాజంలో పై అంతస్తును మాత్రమే ఎంచుకున్నట్టు అవుతుంది. ఈ కార్యక్రమం లేకపోయినా ఐరోపాను చూడగలిగినవారే వస్తారు. ఇద్దరు ముగ్గురు దుబాసీలను బృందంలోనే పెట్టుకోండి. మాట నెమ్మదిస్తుంది, అది మంచిదే, ఎందుకంటే ధారాళంగా మాట్లాడేవారి పెత్తనం తగ్గుతుంది. మీ జర్మన్ విద్యార్థులలో అరబ్బీ నేర్చుకుంటున్నవారు ఉండవచ్చు. వారు నేర్చుకునేది ఫుస్‌హా, అంటే పత్రికలూ గ్రంథాలూ రాసే అరబ్బీ. మొరాకో వీధిలో వినిపించేది దారిజా. తేడా తెలియక మొదటి రోజు నిరుత్సాహపడతారు. దారిజాలో యాభై మాటలు ముందే నేర్పించండి. క్షేమమా అనడానికి లాబాస్, సరే, చాలు అనడానికి సాఫీ, ఈ రెండూ వస్తేనే వంటింట్లోకి ప్రవేశం దొరుకుతుంది.

ఇన్‌షా అల్లా అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఐరోపావారు దానిని తప్పించుకునే మాటగా తీసుకొని విసుక్కోవడం చాలాసార్లు చూశాను. మనింట్లో పెద్దవారు దేవుడి దయ ఉంటే రేపు వస్తాం అంటే రారని అర్థమా? చెప్పేవారి మనసులో అది ఎక్కువగా నిజమైన సంకల్పమే. స్పెయిన్‌వారికి నేను ఓహలా అన్న వారి మాటనే గుర్తు చేస్తాను. అలా జరిగితే బాగుండు అనే అర్థంలో రోజూ వాడే ఆ మాట అరబ్బీ నుంచి, అల్లా తలిస్తే అన్న అర్థం నుంచి వచ్చినదే.

మీ కరపత్రంలో అరబ్బు యువత అని రాశారట. అరబ్ లీగులో 22 దేశాలున్నాయి, వాటిలోని మనుషులందరూ అరబ్బులు కారు, అందరూ ముస్లిములూ కారు. మొరాకోలో అమజీగ్ భాషకు 2011 రాజ్యాంగం అధికార భాష హోదా ఇచ్చింది. ఆ భాష మాట్లాడే పిల్లను అరబ్బు ప్రతినిధి అని పరిచయం చేస్తే మర్యాదగా నవ్వి ఊరుకుంటుంది, కాని లోపల ఒక తలుపు మూసుకుంటుంది. అటువైపు ఐరోపా అన్నదీ ఒక ముద్ద కాదు. మాల్టా ప్రజలు మాట్లాడే మాల్టీస్ అరబ్బీ కుటుంబపు భాష, లాటిన్ లిపిలో రాస్తారు, 2004 నుంచి ఐరోపా సమాఖ్య అధికార భాష. మీ ఊళ్లోనే పుట్టి పెరిగిన మొరాకో, సిరియా కుటుంబాల పిల్లలు ఏ వైపు కూర్చోవాలి? వారిని అటో ఇటో నెట్టకండి. దేశాల పేర్లతో జట్లు కట్టడం మానేసి పనుల పేర్లతో కట్టండి.

ఐరోపా వినిమయాలలో ఆచారంగా మారిన సాంస్కృతిక రాత్రి ఒకటుంది: ప్రతి దేశానికీ ఒక బల్ల, ఒక జెండా, ఒక పిండివంట, ఒక నృత్యం. మొదటి రోజే దానిని పెడితే వచ్చినవారు మనుషులుగా కాక దేశాల బొమ్మలుగా పరిచయమవుతారు. జర్మన్ అబ్బాయి తాను ఎన్నడూ తొడగని తోలు నిక్కరు తొడుగుతాడు, మొరాకో అమ్మాయి టీ పోయడానికే వచ్చినట్టు ఉంటుంది. పెట్టదలిస్తే ఆఖరి రాత్రి పెట్టండి, అప్పటికి ఎవరేమిటో తెలిసి ఉంటుంది కనుక హాయిగా ఉంటుంది.

చరిత్ర తప్పకుండా వస్తుంది, సాధారణంగా మూడో నాలుగో రాత్రి. మొరాకోలో 1912 నుంచి 1956 వరకు ఫ్రాన్స్, స్పెయిన్ సంరక్షిత పాలన నడిచింది. ఉత్తరాన రిఫ్ యుద్ధంలో 1920లలో స్పెయిన్ సైన్యం విష వాయువులు వాడింది. ఆ కొండల ఊరి పిల్లలకు ఇది అవ్వలు చెప్పిన కథ, స్పెయిన్ పిల్లలలో చాలామంది బడిలో విననే లేదు. ఒకసారి ఆ మాట రాగానే మా సహనిర్వాహకుడు ఆటతో దారి మళ్లించాడు, నేనూ అడ్డు చెప్పలేదు. మిగిలిన రోజులంతా అందరూ మర్యాదగా ఉన్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఇప్పుడు అటువంటి రాత్రికి ముందే ఖాళీ ఉంచుతాను, ఒక్క నియమం పెడతాను: విన్నవారు వెంటనే జవాబు చెప్పకూడదు, మరునాడు చెప్పాలి. గాజా గురించీ ఇదే. ఆ మాట రానివ్వకుండా చేస్తే రెండో బృందం మీరు నిజాయితీగా లేరని అనుకుంటుంది, అనుకోవడంలో తప్పూ లేదు.

చిన్న విషయాలు తొందరగా చెబుతాను. హలాల్ మాంసం, మద్యం లేని భోజనశాల, అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేరు పడకలు అడగకముందే ఏర్పాటు చేయండి. శుక్రవారం మధ్యాహ్నం మొరాకోలో నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చొని కుస్‌కుస్ తింటారు, ఆ పూట కార్యక్రమం పెట్టకండి, పిలిస్తే వెళ్లండి. రంజాన్ నెల ప్రతి ఏటా అంతకుముందు ఏడాది కంటే పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2018 నుంచి మొరాకో గడియారం ఏడాదంతా గ్రీనిచ్ కంటే గంట ముందు ఉంటూ, రంజాన్‌లో మాత్రం గంట వెనక్కి వస్తుంది. ఇది తెలియక మేము ఒక ఆన్‌లైన్ సమావేశంలో గంటసేపు ఖాళీ తెర చూస్తూ, వారు రాలేదని నొచ్చుకున్నాం.

భాగస్వామి సంస్థ దొరకడానికి ఒక దారి ఆన్నా లిండ్ ఫౌండేషన్. 1995 బార్సిలోనా ప్రకటనలో ఐరోపా, మధ్యధరా దేశాలు సాంస్కృతిక సహకారాన్ని మూడో అధ్యాయంగా పెట్టుకున్న తర్వాత, 2005లో అలెగ్జాండ్రియా కేంద్రంగా ఇది మొదలైంది. దేశానికొక సంస్థల బృందం ఉంది, మొరాకో బృందం ద్వారా వెతకండి. పెద్ద నగరపు సంస్థ కంటే చిన్న ఊరి సంఘం మేలు.

ఈ ఏడాది వీసాలు కుదరకపోతే ఊరికే కూర్చోకండి. బెర్లిన్ మ్యూజియంలలో 2015 చివర మొదలైన ముల్తకా కార్యక్రమం చూడండి. సిరియా, ఇరాక్‌ల నుంచి శరణార్థులుగా వచ్చినవారికి శిక్షణ ఇచ్చి, వారినే మ్యూజియం మార్గదర్శులను చేశారు, వారు అరబ్బీలో సందర్శకులకు వస్తువులను వివరిస్తారు. తమ దేశపు శిల్పాల ముందు నిలబడి వివరించేవాడు శరణార్థి కాడు, తెలిసినవాడు. ముల్తకా అంటే కలుసుకునే చోటు. మీ ఊరి మ్యూజియంతో ఇటువంటిది చేయడానికి ఓడ కూడా అక్కరలేదు.

చివరగా మీ పాత్ర. మన ఊళ్లలో అరబ్బు అనగానే గల్ఫ్, వీసాకు పూచీపడే కఫీలు, జీతం ఆపిన సేఠు గుర్తుకొస్తారు. కరీంనగర్ నుంచో కడప నుంచో వెళ్లి కష్టపడి వచ్చిన బంధువు ప్రతి ఇంట్లో ఉన్నాడు. ఆ అనుభవం నిజమే, కాని అది మొరాకో రైతుకు సంబంధించినది కాదు. దానిని వెంట తీసుకువెళ్లకండి. మీతో తీసుకువెళ్లదగినది మరొకటుంది. జవాబు, హక్కు, వకీలు, తారీఖు, హాజరు, అసలు: ఇవన్నీ పారశీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి వచ్చిన అరబ్బీ మాటలు. మన వైపు నుంచి వెళ్లినవీ ఉన్నాయి: సంస్కృతంలో నారంగమైన పండు పారశీక, అరబ్బీ దారుల్లో నారంజ్ అయి స్పెయిన్ చేరి నరాంహా అయింది, మనం నారింజ అంటాం. నేను ప్రతి కార్యక్రమంలో మొదటి సాయంత్రం ఈ మాటలనే పంచుతాను. ఇద్దరి మధ్యా తీర్పరిగా కూర్చోకుండా, మూడో వ్యక్తిగా మీ ఇంటి మాటలు మీరు తీసుకువెళ్తే ఇరువైపులా కొంచెం సర్దుకుని మీకు చోటిస్తారు. వీసా వరుసలో నిలబడినవారి తరఫున జర్మన్ మిత్రులకు చెప్పవలసినదీ మీరే. మీ పాస్‌పోర్టుకు మొరాకో నియమాలు వేరు, వాటిని ముందే చూసుకోండి.

ఫలితాన్ని ఆఖరి రోజు ప్రశ్నావళితో కొలవకండి. ఆ రోజు అందరూ కన్నీళ్లతో కౌగిలించుకుంటారు, అన్ని గడులలోనూ అయిదుకు అయిదు వేస్తారు. ఏడాది తర్వాత ఎవరు ఎవరికి ఫోను చేశారో అడగండి, పెళ్లికో చావుకో కబురు వెళ్లిందా అడగండి. కొత్త ముప్పై మందికి బదులు అదే పన్నెండు మందిని రెండోసారి కలపండి. గ్రాంటు ఇచ్చేవారు కొత్తవారినే అడుగుతారు, అక్కడ కొంచెం పోరాడవలసి ఉంటుంది.

ఈ వారంలో మీరు చేయగలిగింది ఒక ఉత్తరం. అందులో కార్యక్రమ పట్టిక పంపకండి. మీ ఊళ్లో ఈ ఏడాది చేతులు తక్కువైన పని ఏది, మేము వచ్చి ఏ నెలలో చేస్తే ఉపయోగం అని రెండు ప్రశ్నలు ఫ్రెంచిలోనూ అరబ్బీలోనూ రాసి పంపండి. జవాబు వచ్చాక, అది ఏ పని అయినా, ఇక్కడ రాయండి. దరఖాస్తు, ఆహ్వాన పత్రం చిత్తుప్రతులు నేను చూసిపెడతాను.